బస్సెక్కిన సైకిలు

జగపతిరావు గారికి ఉన్నది ఒకటే అలవాటు. ఆయన తన సైకిలును బస్సెక్కించేవారు. రోజూ.

ఇచ్చోడ నుంచి బోథ్‌కు నౌకరీకి పోయే మేమంతా పొద్దున్నే ఆకాశం చూసి బండి ఎంచుకునేవాళ్ళం. మబ్బు పట్టితే ఆరింటి బస్సు; తర్వాతిది వాగు దగ్గర ఆగిపోతుంది. ఎండ కాస్తే జీపు వెనక వేలాడటం. పత్తి బండ్లు రోడ్డెక్కే చలికాలంలో సెలవు చీటీ. రావు గారికి ఈ తేడాలు లేవు. ఎనిమిదింటి బస్సు, దాని నెత్తిన సైకిలు. మా లెక్క తప్పిన రోజుల్లో మేమూ అందులోనే.

కండక్టర్ భూమన్నకు ఇది అర్థమయ్యేది కాదు.

"సైకిలుండంగ బస్సెందుకు రావుసాబ్?"

"సైకిలు పంచరైతే?"

"మరి బస్సుండంగ సైకిలెందుకు?"

"బస్సు ఆగిపోతే?"

భూమన్న లగేజీ టికెట్ చింపి ఇచ్చేవాడు.

వాన మొదలైతే ఆయన బస్సు ఆపించి, పైకెక్కి, తన రెయిన్‌కోటు సైకిలుకు కప్పి, తడిసి వచ్చి నా పక్కన కూర్చునేవారు. ఆ ఏళ్ళలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నేను చదివిన పుస్తకాలు ఇప్పటికీ ఉబ్బి ఉన్నాయి.

ఇంత చేసి, బస్సు నిజంగా ఆగిన రోజున ఆయన సైకిలు దించేవారు కాదు. వాగు పొంగి మూడు గంటలు నిలిచినా మాతోపాటే కూర్చునేవారు. లేచి ఒక్కసారి మాత్రం అడిగేవారు: "ఎవలకన్న తొందరున్నదా?"

ఎవరికీ ఉండేది కాదు. మేమంతా సర్కారు ఉద్యోగులం.

ఎనభై ఏడు జనవరిలో, బోథ్ ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా, ఇరుకు కల్వర్టు మీద ఒక పత్తి బండి ఇరుసు విరిగింది. దాని వెనక నలభై బండ్లు, వాటి వెనక మేము. టైము తొమ్మిదింబావు. రావు గారు లేచి మామూలు ప్రశ్న అడిగారు.

"నాకున్నది సార్."

వెనక సీట్లో అనసూర్య, నేతపని సిద్దిరాములు బిడ్డ. "పదింటికి అంగన్‌వాడీ టీచర్ ఇంటర్వ్యూ. పేరు పిలిచినప్పుడు లేకుంటె ఇంకొకలకు ఇస్తరట."

"సైకిలొస్తదా బిడ్డా?"

"కైంచి తొక్కుత సార్. మీదెక్కితె కాళ్ళందయ్."

"గది చాలు."

భూమన్న సైకిలు దించాడు. బండ్లవాళ్ళు దాన్ని చేతులమీదుగా కల్వర్టు దాటించారు. అనసూర్య కొంగు బిగించి, బారు కిందినుంచి కాలు దూర్చి, ఒక పక్కకు ఒరిగి వెళ్ళిపోయింది.

"మీరే ఎక్కించుకొని పోతే అయిపోతుండె గద," అన్నాను.

"నాకు తొక్కరాదు సారు."

నేను పుస్తకం మూశాను. ఆయన రోజూ బస్టాండు నుంచి ఆఫీసు దాకా దాన్ని చేత్తో నడిపించుకుంటూ పోవడం గుర్తొచ్చింది. సైకిలు మీద ప్రేమ అనుకున్నాం.

"మరి ఆరేండ్ల సంది ఎందుకు మోస్తున్నరు?"

"బస్సుల ఎవలకో ఒకలకు వస్తది గద," అని కిటికీలోంచి మబ్బు చూశారు. రెయిన్‌కోటు పంపలేదని ఆయన దిగులు.

అనసూర్యకు ఆ పని దొరికిన సంగతి నెల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం మేము బోథ్ చేరేసరికి ఒంటిగంట. రావు గారి ఆఫీసు గోడకు సైకిలు ఆనించి ఉంది. పది కాకముందే ఒక అమ్మాయి పెట్టి ఉరికిందని అటెండర్ చెప్పాడు.

ఆఫీసరు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏందయ్యా జగపతిరావు, సైకిలుండి గూడ లేటా?"

"సైకిలు టైముకే వచ్చింది సార్," అని రావు గారు లోపలికి వెళ్ళిపోయారు.