డప్పుల మధ్య నాడి

పోయిన గురువారం ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త మా ఇంటికి వచ్చి, నా చేతికి బీపీ పట్టీ చుట్టి, మీట నొక్కి, తన ఫోను చూసుకుంటూ కూర్చుంది. యంత్రం తనంతట తానే ఉబ్బి, తనంతట తానే దిగి, 138/84 అని చూపించింది. నలభై రెండు సెకన్లు పట్టింది. గోడ గడియారం చూసే చెబుతున్నాను. "ఇప్పుడు చెవులతోటి పనే లేదు అవ్వా, అంతా గదే చూస్తది" అని ఆ పిల్ల మురిసిపోయింది. ఆమె వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. 2011లో, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ఒక పిల్ల చెవుల గురించి నేను రాసిన రెండు పేజీల ఫిర్యాదు గుర్తుకొచ్చింది.

అప్పుడు నేను జనగామలో ఒక నర్సింగు కాలేజీలో ట్యూటరుని. నాలుగో ఏడు చివర ప్రతి విద్యార్థినినీ పరీక్షించి "రోగుల దగ్గరికి పంపడానికి తగినది" అనో, "తగదు" అనో రాయడం నా పనుల్లో ఒకటి. మార్కులు ఎన్ని వచ్చినా ఆ ఒక్క మాట పడకపోతే డిగ్రీ చేతికి రాదు. పిల్లలు నన్ను వెనక నుంచి 'గడియారం' అనేవాళ్లు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో, ఎవరు ఇంజెక్షను ముందు చేతులు ఎన్ని సెకన్లు కడిగారో బ్యాచికో పుస్తకంలో రాసేదాన్ని. ఆ పుస్తకాలు ఇంకా నా దగ్గరున్నాయి. ఒకదాన్ని చెదలు తిన్నాయి. ఏ రోజున చూశానో దాని అట్ట మీద రాసిపెట్టాను.

ఆ బ్యాచిలో నలభై మంది. వాళ్లలో ఒక పిల్లది మహబూబాబాద్ దాటాక ఒక తండా. ఆ తండా నుంచి ఇంత చదువు చదివిన మొదటి మనిషి ఆమే. ఇంట్లో వాళ్ల భాష, కాలేజీలో మా భాష, పుస్తకాల్లో ఇంగ్లీషు. మూడింటినీ మోస్తూ నెమ్మదిగా, తప్పు లేకుండా నడిచేది. ఆ నెమ్మదే నాకు నచ్చేది కాదు. మిగతా వాళ్లు బీపీ చూడటానికి ఒక నిమిషం తీసుకుంటే ఆమెకు రెండున్నర పట్టేది. ముందు మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, నాడి ఆగేదాకా పట్టీలో గాలి నింపి, తిరిగి నాడి తగిలిన చోట పాదరసం ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాత గానీ స్టెతస్కోపు చెవిలో పెట్టుకునేది కాదు. "ఏందే, నాడి వైద్యమా? కషాయం గూడ ఇస్తవా?" అని తోటి పిల్లలు ఆటపట్టించేవాళ్లు. నిజానికి పుస్తకం చెప్పే పద్ధతి అదే. నేను పాఠం చెప్పేదీ అదే. పాఠం అయిపోయాక మేమందరం దాన్ని వదిలేసేవాళ్లం.

ఒకరోజు గోలగోలగా ఉన్న వార్డులో ఆమెకు ఎడమ పక్కనున్న మంచం మీది ముసలామె నీళ్ల కోసం మూడుసార్లు పిలిచింది. పిల్ల తల తిప్పలేదు. నేను ఆమె ఎడమ వైపు నిలబడి కత్తెర కింద పడేశాను. కదలలేదు. గదిలోకి పిలిచి అడిగితే దాచలేదు.

"చిన్నప్పుడు చెవి కారింది మేడం. ఎడమది పోయింది. కుడిది మంచిగనే ఉంది."

"చేరేటప్పుడు ఎందుకు చెప్పలే?"

"ఎవ్వరు అడగలే మేడం."

ఫారం తీసి చూశాను. ఎత్తు, బరువు, చూపు అడిగారు. చెవులకు గడి లేదు. ఆ లోపం మాది. అయినా ఫిర్యాదు ఆమె మీదే రాశాను. వినపడని మనిషి బీపీ అంకెలు ఊహించి రాస్తుందేమో అన్నది నా అనుమానం. ప్రిన్సిపాల్ మేడం, ప్రభుత్వ దవాఖాన డాక్టరు, నేను కలిసి ఒక కమిటీ అయ్యాం. పదిమంది బీపీని మొదట ఆమె చూసి చీటీ మీద రాయాలి, తర్వాత నేను చూసి వేరే చీటీ మీద రాయాలి, డాక్టరు రెండూ విప్పి పోల్చాలి. నాలుగు పాయింట్లకు మించి తేడా వస్తే ఆమెను ఇంటికి పంపాలి.

సమ్మెలో బస్సులు లేక వార్డులు ఖాళీగా ఉన్నాయి. కానీ చౌరస్తాలో దీక్షా శిబిరం ఉంది, రోజూ సాయంత్రం అక్కడివాళ్ల బీపీ చూసేది మా కాలేజీయే. పరీక్ష అక్కడే పెట్టాం. తొమ్మిది మంది ఆ ఒక్కరోజుకు కూర్చున్నవాళ్లు. పదో ఆయన రిటైరైన బడిపంతులు, ఆమరణ దీక్షలో ఐదో రోజు. మొదటి తొమ్మిది మందిలో మా ఇద్దరి మధ్య అత్యధిక తేడా నాలుగు. నాకు కొంచెం నిరాశ కలిగిందని ఒప్పుకోవాలి.

పంతులు దగ్గరికి వచ్చేసరికి ఊరేగింపు వచ్చింది. ముప్పై డప్పులు, లెక్కపెట్టాను. పిల్ల చూసి చీటీ మడిచింది. నేను చూసి మడిచాను. డాక్టరు విప్పాడు.

"సిస్టర్‌ది నూటపది. పిల్లది ఎనభై. ముప్పై ఫరక్."

"చూసిన్రా డాక్టర్ సాబ్? నేను మొదటి సంది చెప్తున్నది గిదే."

పంతులు కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఎనభై అయితేంది, నూటపది అయితేంది? నాకు కావాల్సింది రాష్ట్రం."

ఆయన పెదవులు పగిలి ఉన్నాయి. పొద్దుటి నుంచి నీళ్లు కూడా మానేశాడని పక్కనున్న ఆయన అప్పుడు చెప్పాడు.

"మేడం, మీకు ఇనపడ్డది నాడి కాదు, డప్పు" అంది పిల్ల.

"నాకే నేర్పుతున్నవా?"

"నేర్పింది మీరే మేడం. చెవి కంటె ముందుగాల వేలు పెట్టమన్నరు."

అలా అని నా చెయ్యి పట్టుకుంది. ఏ విద్యార్థినీ నా చెయ్యి పట్టుకున్నది లేదు. నా వేళ్లు పంతులు మణికట్టు మీద పెట్టి, పట్టీలో గాలి నింపి, మెల్లగా వదిలింది. నా చెవుల్లో స్టెతస్కోపు అలాగే ఉంది. పాదరసం నూటపదికి దిగింది. చెవుల్లో దబ్ దబ్ మని స్పష్టంగా కొడుతోంది, వేళ్ల కింద ఏమీ లేదు. వంద. తొంభై. ఏమీ లేదు. ఎనభై దగ్గర దారం పోగులాంటిది ఒకటి కదిలింది. ముందు రోజు ఆయనకు నూటపది ఉంది కాబట్టి నేను నూటపది దగ్గర ఎదురుచూశాను, ఎదురుచూసిన చోటే నాకు వినిపించింది.

పిల్ల అప్పటికే రోడ్డు మీదికి ఉరికింది. ఊరేగింపుకు ఎదురుగా రెండు చేతులెత్తి నిలబడింది. "అన్నా, జర ఆపున్రి! బాపు పానం బాగలేదు!" వార్డులో ఆ పిల్ల గొంతు నాకు సరిగా వినిపించేది కూడా కాదు. ముప్పై డప్పులూ ఆగిపోయాయి. నేను మళ్లీ గాలి నింపి వదిలాను. ఎనభై దాకా నిశ్శబ్దమే.

డాక్టరు పంతులును పడుకోబెట్టి కాళ్లు ఎత్తించాడు. "సెలైన్ పెడితే నా దీక్ష పోతది" అని పంతులు గొణిగితే, "దీక్ష మళ్ల చేద్దువుగని పంతులూ, ముందు బతుకు" అని డాక్టరే ఆయన్ను అంబులెన్సు ఎక్కించాడు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాడినని తర్వాత నాతో అన్నాడు. ఖాళీ అయిన చోట వెంటనే ఇంకొకాయన కూర్చున్నాడు.

మర్నాడు కమిటీ కూర్చుంది. నేను నా తప్పును ఒక పేజీ రాసి తీసుకెళ్లాను, సమయాలతో సహా. ప్రిన్సిపాల్ మేడం చదివి, "అదంతా సరే. ఒక చెవితోటి నర్సు పని ఎట్ల చేస్తదని పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలె?" అంది.

"రెండు చెవులున్న నేను ఏం చేసిన్నో చెప్పున్రి."

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. మంచం తన కుడి వైపు ఉండేట్టు నిలబడాలని ఒక్క షరతు రాశాం. ఫారంలో చెవులకు గడి చేర్చాం. ఆ వారమే మిగతా ముప్పై తొమ్మిది మందినీ శిబిరానికి తీసుకెళ్లి డప్పుల మధ్య బీపీ చూడమన్నాను. ఇరవై ఆరు మంది తప్పారు. వాళ్లకు వేళ్లు పెట్టడం నేర్పే పని ఆ పిల్లకే అప్పగించాను. కషాయం జోకు వేసిన పిల్ల అందరికంటే ముందు వరుసలో నిలబడింది.

ఫలితం చెప్పిన సాయంత్రం కాలేజీ గేటు ముందుకు డప్పులు వచ్చాయి. పంతులు దవాఖాన మంచం మీది నుంచి పంపించాడట: "గా తండా బిడ్డ ముంగట కొట్టున్రి, పైసలు నా లెక్కల." పిల్ల సిగ్గుతో గోడ చాటుకు పోతే స్నేహితురాళ్లు ముందుకు తోశారు. నలభై మందీ ఆడారు. నేనూ ఒక మూడు నిమిషాలు ఆడానని గిట్టనివాళ్లు చెబుతారు, రెండు నిమిషాలే.

ఆమె మొదటి ఉద్యోగం గంగారంలో. ఇప్పుడు భూపాలపల్లిలో, శిక్షణకు వచ్చే పిల్లల్ని ఆమే పరీక్షిస్తుంది. చాలా గట్టిదని, నిమిషాలు లెక్కపెడుతుందని వాళ్లు భయపడతారట. విని నాకు గర్వం కలిగింది.

"తగినది" అన్న మాట కింద సంతకం చేయడానికి ఆ రోజు నాకు నాలుగు సెకన్లు పట్టింది. అలాంటి సంతకం ఒకటి ఆ మాటకు అర్థం తెలిసి చేయడానికి మాత్రం ఇరవై ఏడేళ్ల సర్వీసు పట్టింది.