అత్తగారు ఏ కారెక్కారు?

నిరుడు ఆస్ట్రేలియాలో మేముండే టార్నీట్ నుంచి నాలుగు కుటుంబాలం కార్లలో బల్లరాట్ వెళ్లి పాత బంగారు గని చూశాం. పొద్దుట దారంతా అత్తగారి కబుర్లకు విసిగిన నేను, తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ నా మిత్రుడి కారెక్కారని నా భార్యకు చెప్పి, కనుక్కోకుండానే బయలుదేరాను. సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర అందరం ఆగితే, ఏ కారులోనూ ఆవిడ లేరు! ఫోను లేదు, ఇంగ్లీషు రాదు. కారు వెనక్కి తిప్పాను.

గని గేటు దగ్గర బెంచీ మీద చలికి ముడుచుకుని కూర్చున్నారు. నా భార్య ఏడ్చేసింది.

"మిఠాయి కొట్లో నేనే ఆలస్యం చేశానే. అల్లుడుగారిని ఏమీ అనకు" అన్నారు అత్తగారు.

"కాదత్తయ్యా, నేనే మిమ్మల్ని పట్టించుకోలేదు" అన్నాను తల దించుకుని.

"సర్లెండి బాబూ, ముందు హీటరు వెయ్యండి" అంటూ నవ్వారు.

నన్ను కాపాడటానికి ఆవిడ ఆడిన అబద్ధం చాటున నేను దాక్కోనందుకు ఇప్పటికీ తృప్తిగా ఉంటుంది.