ఎడమ వైపు పాలు

నిరోషది సిరిసిల్ల. మధురానగర్‌లో ఒక హాస్టల్ కింది గదిలో జాకెట్లు కుడుతుంది. కాన్పైన నలభై రోజులకే మళ్లీ మిషను ముందు కూర్చుంది. పెళ్లిళ్ల కాలం. పాప ఏడ్చినా, ఈ ఒక్క చెయ్యి కుట్టడం అయిపోనీ అనుకుంటూ పాలివ్వడం ఆలస్యం చేసేది. ఒకరోజు ఎడమ రొమ్ము గట్టిపడింది. మర్నాటికి ఎర్రగా వాచి జ్వరం వచ్చింది.

అత్త బుచ్చవ్వ అమీర్‌పేట నుంచి రెండు మూరల మల్లెపూలు తెచ్చి, వాచిన చోట ఆనించి గుడ్డతో బిగించి కట్టింది. మల్లెలు కడితే పాలు ఎండుతాయని ఆమె నమ్మకం.

"ఆ దిక్కు పాలు ఖరాబైనయ్, ఎండనియ్యి. ఇంకో దిక్కు ఉన్నది కదా, పోరికి గది సాలు."

"నొప్పి ఎక్కువైతున్నది అత్తమ్మా."

"అయితది మరి. జర ఓర్సుకో."

మధ్యాహ్నానికి నిరోషకు వణుకు మొదలైంది. కుడి వైపు పాలు చాలక పాప ఏడుస్తూనే ఉంది. నొప్పి కంటే, పాలు మొత్తానికే పోతాయేమోనన్న భయం నిరోషను ఆటో ఎక్కించింది. బుచ్చవ్వ కూడా వెళ్లింది.

పంజగుట్టలో డాక్టర్ ఉదయలక్ష్మి కట్టు విప్పించి చూసింది.

"ఏంటమ్మా, పెళ్లికొచ్చారా, ఆస్పత్రికొచ్చారా?"

బుచ్చవ్వ నవ్వలేదు. "గా పాలు తాగితే పోరికి ఏమన్న అయితే మేడం?"

"ఏమీ కాదండీ. తాగించడం మానేస్తేనే లోపల పాలు నిలిచి చీముగడ్డ అయ్యే ప్రమాదం. పాప అడిగినప్పుడల్లా రెండు వైపులా ఇవ్వండి. వాచిన వైపు పాలు కాస్త ఉప్పగా ఉంటాయి, పాప మొదట మొరాయించొచ్చు."

రాసిచ్చిన మందులు పాలిచ్చే తల్లులు వాడదగినవేనని, తగ్గినట్టనిపించినా చివరిదాకా వేసుకోవాలని చెప్పింది. పాలు పట్టాక చల్లటి గుడ్డ వేసుకోమంది. రెండు రోజుల్లో జ్వరం తగ్గకపోయినా, గడ్డ అలాగే ఉన్నా వెంటనే రమ్మంది.

ఇంటికొచ్చి నిరోష ఎడమ వైపు పట్టింది. పాప ఒక గుక్క మింగి, మొహం తిప్పుకుని ఏడ్చింది.

"సూసినవా? దానికి సుత తెలిసింది," అంది బుచ్చవ్వ.

నిరోష పాపను ఇంకోలా పట్టుకుని మళ్లీ అందించింది. పాప మళ్లీ వదిలేసింది. మూడోసారి పట్టుకుంది. నిరోష నొప్పికి పళ్లు బిగించి కళ్లు మూసుకుంది.

బుచ్చవ్వ పాప దవడ కదలడం చూస్తూ దగ్గరకు జరిగింది.

"మెల్లగ తాగు," అంది. "మీ అమ్మ యాడికి పోదు."