సీతాబాయి రాసిన అంకెలు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. జైనూర్ వైపు గూడేల్లో గర్భిణులకు రక్తపరీక్ష చేసి ఫోన్‌లో నమోదు చేసే పని మాకు వచ్చింది. హిమోగ్లోబిన్ ఏడుకన్నా తక్కువున్నవాళ్ల పేర్లు జాబితాలో వస్తే, వాళ్లను ఆసిఫాబాద్ ఆసుపత్రికి పంపుతారు.

మనిషికి ఆరున్నర అంటే ఆరున్నరే. కంప్యూటర్‌కు అది ముందు వట్టి రాత. దాన్ని సంఖ్యగా మార్చాలి. మార్చలేకపోతే ఏం చేయాలో కూడా మనమే చెప్పాలి. ఆగి అడగమని చెప్పవచ్చు. నేను ఖాళీగా వదిలేసి ముందుకు పొమ్మని రాశాను. పని తెమిలితే చాలనుకున్నాను.

అక్కడ కాంట్రాక్టు మీద నర్సుగా ఆ పరీక్షలు చేసే సీతాబాయి మరాఠీ బడిలో చదువుకుంది. ఫోన్‌లో అంకెలు మరాఠీ లిపిలోనే కొట్టేది. నా ప్రోగ్రాముకు ఇంగ్లిషు అంకెలే తెలుసు. ఆమె పంపినవన్నీ ఖాళీలయ్యాయి. అలా జాబితాకెక్కని ఒక గర్భిణి కళ్లు తిరిగి పడిపోయింది. రక్తం ఎక్కించి బతికించారు.

మీటింగుకు పిలిచారు. ఆ రోజు పొద్దున్నే, ఫోన్లలో కొట్టింది కొట్టినట్టే ఉండే అసలు ఫైలు తెరిచాను. ఆమె అంకెలన్నీ ఉన్నాయి. పంపగానే ఆమె ఫోన్‌లోంచి చెరిగిపోయేలా చేసిందీ నేనే కనుక, అవి నాకు తప్ప ఇంకెవరికీ కనబడవు.

పరీక్షలే చేయలేదని ఆఫీసరు ఆమెను నిలదీశాడు. ఆమె నా వైపు తిరిగింది.

"సూది గుచ్చిన, రాసిన. జర మల్లొకసారి చూడు తమ్మీ."

"చూసిన అక్కా. ఏం లేదు."

చూసిన మాట నిజమే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే కనీసం భుజాలైనా తడుముకుంటారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. భయమా? ఉద్యోగం పోతుందన్న భయమే. ఆమెకూ ఉన్నది ఆ ఒక్క ఉద్యోగమే కదా, ఆ సంగతి అప్పుడు తట్టలేదా? తట్టింది. అదే చెప్పడం కష్టంగా ఉంది.

ఆమెను తీసేశారు. ప్రోగ్రాములో ఆ వరుసను చడీచప్పుడు లేకుండా సరిచేశాను. కొత్తగా వచ్చినామె అందరికీ మళ్లీ పరీక్షలు చేస్తే, దాదాపు సీతాబాయి రాసిన అంకెలే వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది నేనొక్కడినే. తర్వాత పాత ఫైలు తుడిచేశాను.

ఆమె ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టమేమీ కాదు. క్షమించమని అడిగే ముఖం లేదు, అడగను కూడా. ఒక్క ముక్క మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. సీతాబాయి పరీక్షలు చేసింది. రాసింది. అబద్ధమాడింది నేను.