మా అమ్మ రాక్షసి అయిన ఆదివారం

ఇంటికొచ్చిన ఇద్దరు స్నేహితులను ముందుగదిలో కూర్చోబెట్టి, "ఆప్ కౌన్ సీ జాతి కే హై?" అని నేను అడుగుతుండగా మా నాన్న విన్నారు. రైల్వేలో చేరి ఈ హిందీ ఊరికి వచ్చి, ఉద్యోగమంతా గూడ్సు బళ్ళ చివరి పెట్టెలో గార్డుగా గడిపిన మనిషి ఆయన. కంగారుపడినా కంగారుపడినట్టు కనిపించరు. నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"ఇంటికొచ్చినోళ్ళని జాత్ అడుగుతావేటి? ఇన్నేళ్ళు ఈ ఊర్లో ఉన్నాం. ఎవుల్నీ మనం అడగనేదు, మనల్నీ ఎవులూ అడగనేదు."

"అది ఆ జాత్ కాదు నాన్నా, కులం కాదు. ఆట."

"జాత్ తోటి ఆటేటి?"

ఆయనకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటలు కొన్ని ఉంటాయి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయి, ఇక్కడ నేను ఇలా చేస్తాను అని చెబుతారు. అది కుదిరిందో లేదో పాచిక వేసి తేలుస్తారు. చాలామంది కొనుక్కున్న పుస్తకాల్లోని లోకాల్లో ఆడతారు. ఆ లోకాల్లో మంచు, కోటలు మరీ ఎక్కువగా ఉన్నాయనిపించి, నేను సొంతంగా ఒక లోకం కట్టుకున్నాను. అందులో ఇనుప కొండల కింద మరుగుజ్జులు ఉంటారు. మూడు వందల ఏళ్ళు బతికే చెట్లవాళ్ళు ఉంటారు. మామూలు మనుషులు కూడా ఉంటారు. ఆడేవాళ్ళు ఈ మూడింటిలో ఒక జాతిని ఎంచుకోవాలి. వీళ్ళందరికీ శత్రువులు రాక్షసులు. రాక్షసులను ఎంచుకోకూడదు. వాళ్ళున్నది చావడానికి.

నాన్న అంతా విని, "సరే, అలగైతే మీ అమ్మ కూడా అక్కడే కూర్చుంటాది," అన్నారు. నా మాట మీద నమ్మకం కుదరలేదని అర్థమైంది.

అమ్మ బఠానీకాయల బేసిను తెచ్చుకుని ఒలుస్తూ కూర్చుంది. వచ్చినవాళ్ళలో ఒకామె శంకర్ నగర్‌లో నా ఆఫీసులోనే పనిచేసే స్నేహితురాలు. రెండోవాడు ఆమె చిన్నాన్న కొడుకు, సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరు. టాటీబంధ్‌లో అద్దెకుంటాడు. వారమంతా పైవాళ్ళ చేత తిట్లు తిని, ఆదివారం లారీల మధ్య నుంచి మోటారు సైకిలు మీద వచ్చే ఆ కుర్రాడికి ఒకటే కోరిక: గొడ్డలి తిప్పాలి. అందుకే మరుగుజ్జు అయ్యాడు. స్నేహితురాలు విల్లు పట్టుకున్న చెట్లమనిషి అయింది.

కాసేపటికి అమ్మ అడిగింది. "నానూ ఆడొచ్చా?"

"ఆడొచ్చు. ఏ జాతి కావాలి?"

"చివర్న చెప్పేవు సూడు, రాక్షసులు. అదే."

"అది కుదరదమ్మా. వాళ్ళు శత్రువులు."

"ఎవులికి?"

"అందరికీ."

"ఆళ్ళకి ఆళ్ళు కాదు కదా."

ఇంజనీరు నవ్వి, "ఇచ్చెయ్యండి దీదీ, మొదటి పోట్లాటలోనే అయిపోతుంది," అని హిందీలో అన్నాడు. మా ఆట నడిచేది హిందీలోనే. అమ్మ హిందీ వేరే రకం. అందులో క్రియలు మాత్రమే హిందీవి.

రాక్షసులకు బలం నాలుగు ఎక్కువ, తెలివి రెండు తక్కువ అని నా నియమం. అది చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "అందరికీ ఒకేలాగ ఎలగుంటాది? నా రాక్షసి బక్కది. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయని రాయి. తెలివికేటి, బాగానే ఉంటాది." రాశాను. రాస్తున్నంతసేపూ, ఒక్క ఆదివారమే కదా అనుకున్నాను.

ఆ రోజు కోసం నేను ఎన్నో వారాలుగా ఒక యుద్ధం తయారు చేసి పెట్టుకున్నాను. కొండ కనుమలో రాక్షసుల పేట ఉంది. దాన్ని దాటితేనే అవతల ఊటబావి, వీళ్ళు చేరాల్సిన చోటు. వాకిట్లో గదలు పట్టుకుని ఇద్దరు కాపలా. ఎవరు ఎటునుంచి దూకుతారో బాణం గుర్తులతో పటాలు కూడా గీశాను. నేను కాపలావాళ్ళను వర్ణించడం పూర్తికాకముందే ఇంజనీరు గొడ్డలి తీస్తున్నానన్నాడు.

"ఆగు బాబూ," అని అమ్మ చేయి అడ్డం పెట్టి, కాపలావాడి వైపు, అంటే నా వైపు తిరిగింది. "భయ్యా, ఆప్‌కా ఇంటిపేరు క్యా హై?"

నా లోకంలో రాక్షసులకు ఇంటిపేర్లు లేవు. అలాంటి అవసరం వస్తుందని నేను ఊహించలేదు. నోటికొచ్చినట్టు "గుహలవాళ్ళం" అన్నాను.

"ఏ గుహలు? పైవా, దిగువవా?"

"దిగువవి."

"మా చిన్నమ్మనిచ్చింది దిగువ గుహలోళ్ళకే," అంది అమ్మ, బఠానీలు ఒలవడం ఆపకుండా. అక్కడి నుంచి వరస కలుపుకుంటూ వెళ్తే, పేటకు పెద్ద అయిన రాక్షసుడి భార్య అమ్మకు వదిన అయింది. వదిన ఇంటికి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టరు కాబట్టి గదలు దించక తప్పలేదు. సాయంత్రమయ్యేసరికి అందరూ లోపల చాపల మీద కూర్చున్నారు. రాక్షసులు ఏం వండి పెట్టారని అమ్మ అడిగింది. రాక్షసులు తింటారని తెలుసు గాని, వండుకుంటారని నేను ఎప్పుడూ అనుకోలేదు. స్నేహితురాలికి ఇదంతా తెగ నచ్చింది. ఇంజనీరు మాత్రం పాచికను బల్ల మీద ఊరికే దొర్లిస్తూ కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం అమ్మ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. పేటలో మాటలు సాగుతున్నాయి. ఇంజనీరు ముఖం చూసి జాలేసి, కాస్త కదలిక కోసం నేను పెద్దరాక్షసుడి బావమరిది చేత మరుగుజ్జు పొట్టితనం మీద ఒక మాట అనిపించాను. ఇంజనీరు గొడ్డలి విసిరాడు. ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడింది. ఇరవై పడితే తిరుగులేదు. బావమరిది అక్కడికక్కడే పోయాడు.

ఇంజనీరు రెండు చేతులూ పైకెత్తాడు. అమ్మ అతని వంక చూసి, లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి చాయ్ వచ్చింది. నాకొక కప్పు, స్నేహితురాలికొక కప్పు. ఇంజనీరుకి లేదు. నాన్న లోపల అడగడం మాకు వినిపించింది.

"ఆ బాబుకి చాయ్ ఇవ్వనేదేటి?"

"ఇవ్వను. మా వదిన తమ్ముణ్ణి నరికేడు."

నాన్న ముందుగదిలోకి వచ్చి, ఇంజనీరును కింది నుంచి పైదాకా చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

సోమవారం ఆఫీసులో స్నేహితురాలు చెప్పింది, తమ్ముడికి అన్నం సయించడం లేదట, ఆంటీ మనసు కష్టపెట్టానని. నాకు మొదట నవ్వొచ్చింది. ఇంటికొచ్చి అమ్మతో చెబితే ఆవిడ నవ్వలేదు. "పరామర్శకి రమ్మను," అంది.

మూడో ఆదివారం ఇంజనీరు డజను అరటిపళ్ళతో వచ్చాడు. అవి ఆటలోకి తెచ్చినవో ఇంటికి తెచ్చినవో అతనికే తెలిసినట్టు లేదు. బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. చనిపోయినవాడి అక్కగా నేను మాట్లాడాలి. నావల్ల కాదనిపించి, వదిన తరఫున కూడా నువ్వే మాట్లాడమ్మా అన్నాను. అమ్మ పమిట సర్దుకుని కూర్చుంది. ఇంజనీరు హిందీలో ఏదో మొదలుపెట్టి ఆగిపోయాడు. తర్వాత వాళ్ళ ఇంటి భాషలో, నేల చూస్తూ అన్నాడు: "మోర్ సే గల్తీ హోగే, దాయీ."

నావల్ల తప్పయిపోయింది అని. దాయీ అంటే అమ్మ అని మా అందరికీ తెలుసు. అమ్మ అరటిపళ్ళు తన దగ్గరికి జరుపుకుని, "ఖానా ఖాయా?" అని అడిగింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చానన్నాడు. ఆవిడ లేచి వెళ్ళి అన్నం, పప్పు, బెండకాయ వేపుడు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఆ పళ్ళెం పెట్టింది మా అమ్మో, రాక్షసి వదినో నాకు తెలియలేదు. అడగాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత నా లోకం నా చేతిలో లేదు. స్నేహితురాలు విల్లు వదిలేసి తననూ రాక్షసిని చేయమంది. "మూడు వందల ఏళ్ళు బతికి ఏం లాభం? నా చెట్లమనిషికి ఒక్క చుట్టం లేదు," అంది. ఇంజనీరు మరుగుజ్జు చేసిన తప్పుకి బదులుగా పేటలోనే ఉండిపోయి, వాళ్ళ కొలిమి నడపడం మొదలుపెట్టాడు. నేను రాక్షసుల నియమాలన్నీ కొట్టేసి మళ్ళీ రాశాను. ఎంచుకోకూడని జాతి అన్న మాట తీసేశాను. అయితే మరి పోట్లాడేది ఎవరితో అని అడిగితే ముగ్గురూ నన్ను వింతగా చూశారు. యుద్ధం పటాలు నా బీరువాలోనే ఉండిపోయాయి. కొన్నాళ్ళు బాగా ఉక్రోషంగా ఉండేది.

ఏడాది తిరిగాక ఇంజనీరుకి దుర్గ్ అమ్మాయితో పెళ్ళయింది. ఒక ఆదివారం ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె తలమీద కొంగు సర్దుకుంటూ గంటసేపు ఓపిగ్గా కూర్చుంది. ఆ గంటా మా రాక్షసులు ఒకే విషయం తేల్చుకోలేకపోయారు. ఇనుప కొండల నుంచి మరుగుజ్జులు చుట్టపుచూపుగా వస్తున్నారు, వాళ్ళకు ఎత్తు పీటలు వేస్తే మర్యాదా, అవమానమా. ఆఖరికి ఆమె భర్త చెవిలో, ఆట ఎప్పుడు మొదలవుతుందని అడిగింది. అది అమ్మకు వినిపించింది.

"షురూ అయి శానాసేపయింది బేటీ," అని అమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, వచ్చే మరుగుజ్జుల తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగింది. ఎవరూ లేరు. ఆమె భర్త కూడా రాక్షసుల వైపే మాట్లాడుతున్నాడు. అయితే నేను మాట్లాడతానంది. కొంగు నడుముకి దోపుకుని, ఎత్తు పీటలు ముమ్మాటికీ అవమానమేనని అమ్మతో వాదనకు దిగింది. అమ్మ వెనక్కి తగ్గలేదు, ఆ అమ్మాయీ తగ్గలేదు. అన్నాళ్ళకు నా లోకంలో ఒక మంచి పోట్లాట జరుగుతోంది. నేను సంతోషంగా పాచిక తీసి ఆమె చేతిలో పెట్టాను.