దాలమ్మ పిన్ని చూసిన రూపాయి

నిన్న కొరియర్ కవరు కత్తిరిస్తుంటే లోపలి వెండి రూపాయి జారి గచ్చు మీద పడింది. ఖంగున మోగింది. మోత బాగానే ఉందనిపించింది. అయినా వంగి తీసి, పరీక్షగా చూడకుండానే చేతిరుమాల్లో చుట్టేశాను. ఆన్‌లైన్లో పాత నాణేలు కొనే పిచ్చి నాకు చాలా ఏళ్లుగా ఉంది. వచ్చిన నాణేన్ని ముందు నేను చూడకూడదన్న పట్టింపు మాత్రం దాలమ్మ పిన్ని వల్ల వచ్చింది.

ఆవిడ పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చేసేది. నేను సూపర్‌వైజర్ని, పేరుకి. ఏ పప్పు ఏ రకమో తేల్చేది ఆవిడే. కిటికీ పక్కన పళ్లెం పెట్టుకుని, తల కాస్త వంచి, వేలితో ఒక్కో పప్పునీ దొర్లించేది. పొట్టు ఒలిచిన మనిషి ఆ పప్పుని గ్రేడు చేయకూడదని మా దగ్గరొక కట్టుబాటు. ఒకసారి మనుషులు తక్కువై, ఆవిడ ఒలిచిన పప్పే ఆవిడ ముందు పోశాను. పళ్లెం నా వైపు తోసేసింది.

"నానొలిసింది నాకెప్పుడూ తెల్లగానే అవుపడతాది బాబూ. ఇంకోలికియ్యి."

బయట లారీ నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజుల్లోనే నేనొక వెధవపని చేశాను. సంతబొమ్మాళి దగ్గర మా ఊళ్లో అమ్మ దగ్గర రాణి బొమ్మ వెండి రూపాయి ఉండేది. వాళ్లమ్మ ఇచ్చినది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండుతో తోమి కలశం దగ్గర పెట్టేది. ఫొటో తీసి నాణేల గ్రూపులో గొప్పలు పోదామని, చెప్పకుండా జేబులో వేసుకొచ్చాను. ఫొటో తీశాను గానీ, రూపాయిని టెక్కలి బస్టాండులో ఎక్కడో పారేసుకున్నాను. వ్రతం మూడు వారాల్లోకి వచ్చేసింది. అదే ఏడాది అంకె, అదే బొమ్మ ఉన్న రూపాయి ఆన్‌లైన్లో దొరికింది. దాని ఫొటోనీ అమ్మ రూపాయి ఫొటోనీ పక్కపక్కన పెట్టి నాలుగు రోజులు పోల్చాను. అచ్చు గుద్దినట్టున్నాయి. అది చేతికొచ్చిన రోజు ప్రాణం లేచొచ్చింది.

సంబరం ఆపుకోలేక దాలమ్మ పిన్నికి అంతా చెప్పి చూపించాను. ఆవిడ నాణేన్ని కిటికీ వెలుగులో పప్పులాగే దొర్లించింది. తర్వాత శాంపిల్ తూచే చిన్న కాటా మీద పెట్టమంది.

"పాత రూపాయంటే తులం ఉండాల. ఇదేటి, ఇంత తేలిగ్గుంది?"

"అరిగిపోయింది పిన్నీ."

"అరిగితే బొమ్మ నున్నగవ్వాల గానీ ఈ గుంతలేటి? అంచు సుట్టూ గీతేటి? అచ్చులో పోసినట్టున్నాది. ఫొటోలోది ఇదేనా, సూడు."

ఫోన్ తీశాను. అమ్మినవాడు పెట్టిన ఫొటోలో రాణి మెడ దగ్గర గీత ఉంది. నా చేతిలోని దానికి లేదు. నాలుగు రోజులు ఫొటోని ఫొటోతో పోల్చినవాణ్ణి, వచ్చిన నాణేన్ని ఫొటోతో ఒక్కసారీ పోల్చలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇది నిజం అవ్వాలని నీకే ఆత్రం. మరి నువ్వే సూసుకుంటే ఎలాగ? నువ్వొలిసిన పప్పు నువ్వే గ్రేడు సేసీసినావు."

"పోనీలే పిన్నీ. అమ్మ కళ్లకి తెలీదులే."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నీకు తెలుసు గదా" అని మళ్లీ పళ్లెం ముందుకి లాక్కుంది.

ఆ ఆదివారం ఊరెళ్లి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ తిట్టలేదు. పెరట్లోకి వెళ్లి కళ్లొత్తుకుని వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. వ్రతం నాడు కలశం దగ్గర కొట్లో చెల్లే మామూలు రూపాయి పెట్టింది. ఇప్పటికీ అదే పెడుతోంది. ఆ దొంగ రూపాయిని మాత్రం నా దగ్గర అడిగి తీసుకుంది.

డయాలసిస్ మీద రెండేళ్లు గడిపి దాలమ్మ పిన్ని పోయింది. ఆవిడ లేని ఆ కిటికీ వైపు చూడలేక కొన్నాళ్లు నేను గ్రేడింగు గదిలోకే వెళ్లలేదు.

ఈ ఉదయం ఊరెళ్లి, కొత్తగా వచ్చిన రూపాయిని చేతిరుమాలుతో సహా అమ్మకి ఇచ్చాను. ఎక్కడ కొన్నానో, ఎంతకు కొన్నానో చెప్పలేదు. అమ్మ పోపుల డబ్బాలోంచి ఆ దొంగ రూపాయి తీసి రెండో చేతిలో పెట్టుకుంది. గుమ్మంలోకి వెళ్లి, వెలుగులో రెండు అంచులూ వేలితో తడిమి చూసింది.

"ఇది మంచిదేరా" అంది. అప్పుడు చూశాను నేను.