లక్ష్మణమ్మ కోటలోకి వెళ్ళిన రోజు

విజయనగరం కోట గోడ పక్కన ఏ వేళకు ఎటు నీడ పడుతుందో అడిగితే లక్ష్మణమ్మ తడుముకోకుండా చెబుతుంది. పొద్దున పది దాకా పడమటి గోడ కింద, పొద్దు వాలాక తూర్పు వైపు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ నీడల్లోనే చేపల గంప దించింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ ఎత్తుకుని వీధుల్లో పడింది. అంత తిరిగినా కోట లోపల ఏముంటుందో మాత్రం ఆమెకు తెలియదు. ఎవరూ వద్దనలేదు. లోపల కాలేజీలున్నాయి, పుస్తకాలు పట్టుకుని పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. నెత్తిన నీళ్ళు కారే గంపతో ఆ గుమ్మం దాటాలని ఆమెకే ఎప్పుడూ అనిపించలేదు.

ఆమెది భోగాపురం దగ్గర, సముద్రం ఒడ్డునున్న ముక్కాం. పుట్టిల్లు అదే తీరంలోని చింతపల్లి. పదిహేడో ఏట గంగరాజును చేసుకుని ఈ ఊరొచ్చింది. కాపురానికొచ్చిన మూడో నెలలోనే అత్త తాతమ్మ తన గంప తెచ్చి కోడలి నెత్తిన పెట్టి, పట్నానికి వెంటబెట్టుకుని పోయింది. ఎవరింట్లో చిన్న నెత్తళ్ళు తింటారు, ఎవరు ఖరీదైన వంజరం తప్ప ముట్టరు, ఏ ఇంటి ముందు కేక వెయ్యాలి, ఏ ఇంటి ముందు మెల్లగా పిలవాలి, ఏ ఇంటి కుక్క కరుస్తుంది, అంతా వారం రోజుల్లో నేర్పేసింది. తాతమ్మ నోరు పెద్దది. కోడలు దారి తప్పితే నడివీధిలోనే తిట్టేది. ఆ తిట్లకు లక్ష్మణమ్మ మొదట్లో ఏడ్చేది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పట్టేసి తాతమ్మ పట్నం మానేసి పాతికేళ్ళయింది. ఇప్పుడు ఆమెకు డెబ్బై అయిదు, చెవులు సరిగా వినబడవు. కోడలికి యాభై. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా ఒక పూట గడవదు, ఒకరు లేకుండా ఒకరు అన్నమూ తినరు.

రెండువేల పదమూడు మే నెల. సముద్రంలో చేపల వేటకు నిషేధం ఉన్న రోజులు. తెప్పలూ బోట్లూ ఇసక మీదే ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటున్నారు. గంపలు బోర్లించి ఉన్నాయి. ఒకనాటి సాయంత్రం మహిళా సంఘం సమావేశంలో లీడరు ధనలక్ష్మి ఒక మాట అంది.

“పెళ్ళిళ్ళకీ సావులకీ తప్ప మనం అందరం కలిసి ఒక దగ్గరికి ఎల్నేదు కదా. సేతుల్లో పని నేదు. బస్సు మాటాడుకుని ఎటయినా ఎల్దామా?”

ఒకామె శ్రీకూర్మం అంది. ఒకామె సింహాచలం అంది. అన్నీ అందరూ చూసినవే. మూల గోడకు చేరబడి కూర్చున్న తాతమ్మ అప్పుడు నోరు తెరిచింది.

“కోట సూపించండే.”

అందరూ పక్కున నవ్వారు. “కోటేటి అత్తా? మనోళ్ళు రోజూ సూసీదే కదా!” అంది ధనలక్ష్మి.

“బయట సూసినాం. లోపలేటున్నాదో సూసినామేటి?”

నవ్వు ఆగిపోయింది. నిజమే, అక్కడున్న ముప్పై మందిలో సగం మంది ఆ గోడ చుట్టూ గంపలు మోసినవాళ్ళే. ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. అలా కోట ఖాయమైంది.

ఒక్కపూట ప్రయాణం. ఆ బస్సును సాయంత్రానికి పెళ్ళివాళ్ళు మాట్లాడుకున్నారు, కాబట్టి పొద్దున ఆరింటికి బయల్దేరి ఒంటిగంటకల్లా ఊరు చేరాలి. బస్సు చూసి లక్ష్మణమ్మ కాసేపు మెట్టు ఎక్కకుండా నిలబడింది. కిటికీలకు పరదాలున్నాయి, సీట్లకు మెత్తటి గుడ్డ వేసి ఉంది. ఆమె పట్నం వెళ్ళేదల్లా ఆటోలో, కాళ్ళ మధ్య గంప పెట్టుకుని. పక్కవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే చూడనట్టు బయటికి చూసేది. ఈ రోజు తలస్నానం చేసి, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని, పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టింది. అయినా సీట్లో కూర్చున్నాక ఒకసారి తన చేతులు వాసన చూసుకుంది. పక్కనున్న తాతమ్మ అది కనిపెట్టి మోచేత్తో పొడిచింది.

“సేపల వాసనొస్తే వచ్చింది. నువ్వేటి దొంగతనం సేసినావేటి?”

నాతవలస, డెంకాడ దాటి ఏడున్నరకు బస్సు కోట ముందు ఆగింది. ధనలక్ష్మి కబురు పంపితే, కాలేజీ ఆఫీసులో పనిచేసి రిటైరైన నరసింగరావు గారు ఎదురొచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు. కోట కట్టి ఈ ఏటికి మూడువందల ఏళ్ళని, విజయదశమి నాడు మొదలుపెట్టారని చెబుతూ ముందు నడిచారు.

తూర్పు గుమ్మం కింద లక్ష్మణమ్మ ఆగింది. పైకి చూసింది. బయటి నుంచి ఆ గుమ్మం ఎన్ని వేలసార్లు చూసిందో, దాని కింద ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. రాతిని అరచేత్తో తాకింది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది.

లోపల ఆమె అనుకున్నట్టు సింహాసనాలు లేవు. పెద్ద పెద్ద చెట్లు, సెలవులకు మూసేసిన తరగతి గదులు, బోర్డుల మీద సుద్దతో రాసిన లెక్కలు. దర్బారు జరిగేదని చెప్పిన మోతీమహల్ గోడలు చాలాచోట్ల పెచ్చులూడి ఉన్నాయి. కొందరు ఆడవాళ్ళకు నిరాశ కలిగింది. లక్ష్మణమ్మకు మాత్రం కలగలేదు. కిటికీ ఊచలు పట్టుకుని ఒక తరగతి గదిలోకి చూస్తూ చాలాసేపు నిలబడింది. బల్లల మీద పిల్లలు చెక్కుకున్న పేర్లున్నాయి. రాజులుండే చోట పిల్లలు చదువుకుంటున్నారు, బాగానే ఉంది అనుకుంది.

రాణుల స్నానాల కోసమని చెప్పే ఎత్తైన రాతి కట్టడం దగ్గర నరసింగరావు గారు ఆగి, అంత ఎత్తుకు నీళ్ళు ఎలా ఎక్కించేవారో వివరించారు. తాతమ్మకు సగమే వినబడింది.

“ఏటంటన్నాడే?”

“రాణులు ఈ రాళ్ళ మద్దిన తానాలు సేసీవోరట అత్తా!” లక్ష్మణమ్మ చెవి దగ్గర అరిచింది.

“అయ్యో పాపం, ఆళ్ళకి సముద్రం నేదు కదే,” అంది తాతమ్మ మనస్ఫూర్తిగా. నరసింగరావు గారు గొడుగు పక్కన పెట్టి మరీ నవ్వారు.

పదిన్నరకు చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నారు. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గర గుంపు చేరింది. పదకొండుకు బస్సెక్కుతూ ధనలక్ష్మి తలలు లెక్కపెట్టింది. ముప్పై రెండు ఉండాలి, ముప్పై ఒకటే ఉన్నాయి. లక్ష్మణమ్మ పక్క సీటు ఖాళీ.

“మీ అత్తేదే?”

“మీతో కుళాయి కాడుందనుకున్నాను!”

“నీతో ఉందని మేమనుకున్నాం!”

అందరూ దిగి మళ్ళీ లోపలికి పరిగెత్తారు. చెట్ల కింద, గదుల వెనక, మోతీమహల్ చుట్టూ పిలుచుకుంటూ తిరిగారు. వినబడని మనిషిని ఎంత పిలిస్తే ఏం లాభం? అరగంట గడిచింది. డ్రైవరు గడియారం చూపిస్తున్నాడు. ధనలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు. నరసింగరావు గారు పోలీసు స్టేషనుకు వెళ్దామన్నారు.

లక్ష్మణమ్మకు మొగుడు గుర్తొచ్చాడు. గంగరాజుకు ఏం చెప్పాలి? మీ అమ్మను కోట చూపిస్తానని తీసుకెళ్ళి ఎండలో పారేసుకున్నానని చెప్పాలా? ఒక్క నిమిషం అరుగు మీద కూలబడింది. అప్పుడు ఆలోచన వచ్చింది. లోపల తాతమ్మకు తెలిసిందేమీ లేదు. తెలిసినదంతా బయటే ఉంది.

“మీరిక్కడే ఉండండి. పావుగంటలో వస్తాను,” అని నరసింగరావు గారిని పడమటి గుమ్మానికి దారి అడిగి, ఒక్కతే బయటపడింది.

బయటికొచ్చేసరికి అంతా ఆమె ఎరిగిన చోటే. మూల మీద టీ కొట్టు మనిషి చూసి, “ఏటి లచ్చనమ్మా, ఈయేల గంప నేదు? సీరా పువ్వులూనూ!” అన్నాడు.

“మా అత్త తప్పిపోనాది బాబూ. ముసిల్ది, నీలం సీర. సూసినావేటి?”

“ఆవిడా! గోడకి సెయ్యానించుకుని అటు ఎల్లింది. దారి సెబుతానంటే నా మీదే గయ్యిమంది.”

లక్ష్మణమ్మకు సగం ప్రాణం వచ్చింది. తను పట్నానికొచ్చిన మొదటి రోజు అత్త చెప్పింది జ్ఞాపకమొచ్చింది. గోడ కుడి చేతికి ఉంచుకుని నడువు, గోడ మలుపు తిరిగిన కాడ నువ్వు తిరక్కు, ఎదురుగా ఉన్న సందులోకి పో, అక్కడ సుబద్రమ్మ గారి ఇల్లు. తాతమ్మకు అందరికంటే ఇష్టమైన ఇల్లు అది. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆ సుభద్రమ్మ చేప కడగడం కూడా రాక బిక్కమొహం వేసి నిలబడితే, తాతమ్మే గుమ్మంలో కూర్చుని నేర్పింది. కానీ ఆ ఇంటికి తాళం పడి పదేళ్ళయింది. వాళ్ళు విశాఖపట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారని విని, లక్ష్మణమ్మ ఆ సందులోకి పోవడమే మానేసింది. ఖాళీ ఇంటి ముందు ముసలిది ఎండలో నిలబడి ఉంటుందేమోనని పరుగులాంటి నడక నడిచింది.

సందు పోల్చుకోలేనట్టు మారిపోయింది. పెంకుటిళ్ళన్నీ మేడలయ్యాయి. కానీ చివర ఆ ఒక్క ఇల్లు అలాగే ఉంది. తాళం లేదు. వరండాలో కుర్చీలో తాతమ్మ కూర్చుని ఉంది, చేతిలో మజ్జిగ గ్లాసు. ఎదురు కుర్చీలో నెరిసిన జుట్టుతో సుభద్రమ్మ గారు.

“సూడే, సుబద్రమ్మ బతికే ఉన్నాది!” అని తాతమ్మ కోడల్ని చూడగానే కేక పెట్టింది. “ఇల్లు కాళీ అన్నావు. సూడకుండా సెప్పీయడమేనేటి?”

లక్ష్మణమ్మకు కోపం, ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. మెట్టు మీద కూలబడింది. “నాకు సెప్పి ఎల్లకూడదా అత్తా? ముప్పై మంది నీకోసం కోటంతా గాలించేస్తన్నారు!”

“సెప్తే ఎల్లనిస్తావేటి?”

సుభద్రమ్మ గారు లోపలికెళ్ళి ఆమెకూ మజ్జిగ తెచ్చారు. “మా ఆయన పోయాక ఏడాది కిందట వచ్చేశాను లక్ష్మణమ్మా. అక్కడ మేడ మీద కూర్చుంటే పలకరించే మనిషి లేదు. నువ్వు ఈ వీధికి వస్తావేమోనని రోజూ చెవులు రిక్కించి వింటూనే ఉన్నాను. గుమ్మంలో ఎవరో ‘సేపలో’ అని అరిస్తే నువ్వేననుకుని వచ్చాను. తీరా చూస్తే మీ అత్త! చేపల్లేవు, గంప లేదు, కేక మాత్రం పాతదే.”

“కేకెయ్యకపోతే ఎలా తెలుస్తాది నానొచ్చానని?” అంది తాతమ్మ.

సుభద్రమ్మ గారు తాతమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, “పెళ్ళయ్యాక నేను చదివింది ఆ కోటలోని కాలేజీలోనే. పరీక్షల రోజుల్లో ఈవిడ తెచ్చిన చేప తలకాయ పులుసు తింటేనే బాగా రాసేదాన్ని,” అన్నారు. తాతమ్మకు అది వినబడలేదు. వినబడినట్టే తలూపింది.

ముగ్గురూ కలిసే కోట దాకా నడిచారు. బస్సు దగ్గర ఆడవాళ్ళు తాతమ్మను చూసి ఒక్కసారిగా మీద పడ్డారు, కొందరు తిట్టారు, కొందరు కౌగిలించుకున్నారు. నరసింగరావు గారు సుభద్రమ్మ గారిని గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. డ్రైవరు హారన్ మోగించాడు. తాతమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, బస్సు కదిలేదాకా సుభద్రమ్మ గారి వేళ్ళు వదల్లేదు.

దారిలో ముప్పావు వంతు మంది నిద్రపోయారు. లక్ష్మణమ్మకు నిద్ర రాలేదు. తాతమ్మ తల ఆమె భుజం మీద వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. ఇన్నాళ్ళూ ఆ సందు పక్కగా పోతూ ఒక్కసారి తొంగి చూడనందుకు లక్ష్మణమ్మకు కొంచెం సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. వేట మళ్ళీ మొదలయ్యాక, జూన్ మొదటి వారంలో ఆ ఇంటికి ఏ చేప తీసుకెళ్ళాలా అని ఆలోచనలో పడింది. కానాగంతలైతే బాగుంటాయి, ఆవిడ ముళ్ళు సులువుగా తీసుకోగలరు.

ఒంటిగంటన్నరకు ఊరు చేరారు. ఇంటి ముందు వల పరుచుకుని కూర్చున్న గంగరాజు తల ఎత్తాడు.

“కోటెలాగున్నాదే?”

“పెద్దదే. సల్లగున్నాది. మీయమ్మని అడుగు, లోపలా బయటా రెండూ సూసొచ్చింది.”

తాతమ్మ అప్పటికే అరుగు మీద చేరి, రాణులకు సముద్రం లేని సంగతి పొరుగామెకు చెప్పడం మొదలుపెట్టింది. లక్ష్మణమ్మ కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. కుండలో అన్నం ఉంది. మూత తీస్తే ఎండు నెత్తళ్ళు, వంకాయ కలిపి వండిన కూర. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో గంగరాజు పొయ్యి వెలిగించడం ఇది రెండోసారో మూడోసారో. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆ సంగతి ఆమె బయటికి చెప్పలేదు. రెండు కంచాల్లో అన్నం పెట్టి, “అత్తా, తిందువు గాని రా,” అని పిలిచింది. వినబడలేదని తెలిసి, మళ్ళీ గట్టిగా పిలిచింది.